ఒంటిచూపు

మార్చి 3

ఈరోజు గదినిండా జనం ముందు నన్ను వాగులోకి తోసేశారు. నన్నంటే నా టెలిస్కోపుల్ని. రెండూ ఒకటే.

తెర మీద మేము టెలిస్కోపులు కట్టబోయే కొండ మ్యాపు వేశారు. దాని మీద నా లేఅవుట్ చుక్కలు, టెలిస్కోపుకొకటి, పెట్టారు. ఐదు చుక్కలు ఎర్రబడ్డాయి. ఐదూ వాగులో ఉన్నాయట. మ్యాపు తయారుచేసిన మహానుభావుడు, అంటే మా ఇస్త్రీ, లేచి నిలబడి, "మేడమ్, మీ టెలిస్కోపులకి ఈత వచ్చా?" అన్నాడు. అందరూ నవ్వారు. పెద్దాయన కూడా నవ్వాడు. ప్రాజెక్టు మొత్తం ఆయన చేతిలో ఉంది. ఆయన నవ్వాక ఇక మిగతావాళ్ళకి అడ్డేముంది?

"అక్కడ వాగు లేదండీ. ఆ నేలంతా నేను నడిచాను," అన్నాను.

"మ్యాపులో ఉంది కదా మేడమ్," అన్నాడు ఇస్త్రీ.

"గ్రూపు మ్యాపు ఉండగా నువ్వు సొంతంగా గీసుకోవడం ఏంటమ్మా?" అన్నాడు పెద్దాయన.

ఎర్ర చుక్కలు కళ్ళముందు కనిపిస్తుంటే ఏం మాట్లాడతాను? నిజంగానే పొరబడ్డానేమో అని ఒక్క క్షణం అనుకున్నాను కూడా. అందుకే ఇంకా మండుతోంది.

ఇస్త్రీ అని పేరు పెట్టింది నేనే. చొక్కా నలగదు, బూటుకి దుమ్ము అంటదు. కొండ మీదకి ఒక్కసారీ రాలేదు. పేర్లు పెట్టడంలో అతనూ తక్కువవాడు కాదు. నా లేఅవుట్‌కి 'చెల్లాచెదురు' అని పెట్టాడు. తనదానికి 'గుత్తి'. టెలిస్కోపులన్నిటినీ దగ్గర దగ్గరగా ద్రాక్షగుత్తిలా పెడతాడు. ఒకే మెరుపుని ఎక్కువమంది చూస్తే బొమ్మ బాగా వస్తుందంటాడు. వస్తుంది, కాదనను. కానీ మనం వెతుకుతున్నది అన్నిటికన్నా బలమైన గామా కిరణాల్ని. అవి రావడమే అపురూపం. ఒకటి వచ్చి, ఎక్కడో పైన గాలిని తాకి పగిలిపోయి, కింద ఓ మూలన ఇంత నీలి మెరుపు చల్లి మాయమవుతుంది. కన్ను ఆర్పేలోపు కూడా కాదు, ఆర్పాలని అనుకునేలోపే. ఏ మూలన చల్లుతుందో ఎవడికి తెలుసు? వల పరిచి కూర్చోవాలి. వలని ఉండచుట్టి చంకలో పెట్టుకుంటే ఏం పడుతుంది?

ఈ మాట అక్కడ అనుంటే ఎంత బాగుండేది! ఇంటికొచ్చి గోడకి చెప్పాను.

మార్చి 4

కోపం లేదు. హాయిగా నిద్రపోయాను.

మార్చి 5

నిద్రపోలేదు. ఈత వచ్చా అట.

మార్చి 7

"ఏం మరదలా, మొహం అలా మాడిపోయింది? మీ అక్క పొయ్యి మీద పెట్టి మర్చిపోయిందా?" అని బావ ఇంట్లోకి వస్తూనే మొదలుపెట్టాడు.

అక్క లోపలినుంచి, "దాన్ని కదపకండి. మూడు రోజుల్నుంచి తలుపులు దబదబా వేస్తోంది. బిజాగరీలు ఊడొస్తాయి," అంది.

బావది పునాదుల పని. మేము కాగితం మీద చుక్క పెడితే, ఆ చుక్క కింద నేల తవ్వి కాంక్రీటు పోసేది బావ కంపెనీ. ఆ కొండ నాకు చూపించింది కూడా బావే. మొదటిసారి వెళ్ళినప్పుడు వాగు అంచున కూర్చుని ఫ్లాస్కులో టీ తాగాం. సూర్యుడు కళ్ళలోకి కొడుతుంటే బావ తన టోపీ తీసి నా నెత్తిన పెట్టాడు.

టీ కలుపుకుంటూ అక్క అటు తిరగగానే రెండు చెంచాల చక్కెర వేసుకున్నాడు. డాక్టరు వద్దన్నాడు. నేను చూశాను. నేను చూడటం ఆయన చూశాడు. వేలు పెదవుల మీద పెట్టి, "ఒంటిచూపు, మరదలా. లెక్కలోకి రాదు," అన్నాడు.

ఆ మాట నేర్పింది నేనే. అనుభవిస్తున్నాను. మా టెలిస్కోపుల్లో ఏ ఒక్కటో మెరుపు చూశానంటే మేము నమ్మం. పక్కనుంచి ఏ పనికిమాలిన కణమో దూసుకుపోయినా దానికి అలాగే కనిపిస్తుంది. రెండోది కూడా అదే క్షణంలో చూస్తేనే నిజమని రాసుకుంటాం. ఒక్కటే చూసినదాన్ని ఒంటిచూపు అంటాం, కొట్టేస్తాం. ఒకసారి అన్నం తింటూ బావకి ఇది చెప్పాను. అప్పట్నుంచి ఈ ఇంట్లో ఏ దొంగతనానికైనా అదే చట్టం.

నవ్వొచ్చింది. నవ్వొచ్చినందుకు ఒళ్ళు మండింది. లేచి గదిలోకి వచ్చేశాను.

మార్చి 9

గుత్తికి ఆమోదం. చప్పట్లు కూడా కొట్టారు.

బావ కంపెనీకి కొలతలు పంపేస్తారట. వాటితో పాటు ఒక మాట కూడా: వాగు వైపు మనకి పనిలేదు, అటు దారి వేయక్కర్లేదు అని. ఇస్త్రీ గారి ముందుచూపు. నా దగ్గరికొచ్చి, "మీరేం మనసులో పెట్టుకోకండి మేడమ్," అన్నాడు. నేను మనసులో ఏమీ పెట్టుకోను. అంతా ఇక్కడే పెడతాను.

మార్చి 10

దొరికింది.

హాల్లో మూలన బావ పాత రోడ్డు పటం చుట్టి పెట్టి ఉంది. దుమ్ము దులుపుదామని తీశాను. (అబద్ధం. చూద్దామనే తీశాను.) అందులో వాగు పడమర ఉంది. ఆఫీసు మ్యాపులో తూర్పున ఉంది. నేల మీద పడమరే. ఆ రోజు వాగు వైపు తిరిగి కూర్చుంటే నా కళ్ళలోకి కొట్టింది పొద్దుగూకే సూర్యుడు కదా! నేను పొరబడలేదు. నేను పొరబడలేదు.

ఆఫీసుకి పరిగెత్తి, మ్యాపు తయారుచేసిన ప్రోగ్రాం తెరిచాను. నేల కొలిచేవాళ్ళు తూర్పుకి ఎంత, ఉత్తరానికి ఎంత అని రాస్తారు. కంప్యూటర్లో టెలిస్కోపుల్ని ముందే పరీక్షించే మా సిమ్యులేషన్‌కి ఉత్తరానికి ఎంత, పడమరకి ఎంత అని కావాలి. వాళ్ళ లెక్క మా లెక్కలోకి మార్చాలంటే తూర్పుకి ముందు మైనస్ పెట్టాలి. పెట్టలేదు. ఒక్క చిన్న అడ్డగీత. అది లేక కొండంతా అద్దంలో బొమ్మలా తిరగబడింది. వాగు అటునుంచి ఇటు దూకింది.

ఎవరికీ కనబడలేదంటే వింత కాదు. సిమ్యులేషన్‌కి కుడీ ఎడమా ఒకటే. మెరుపులు ఆకాశంలో అన్ని వైపులనుంచీ పడతాయి. తిప్పి వేసినా జవాబు దాదాపు అదే వస్తుంది. తేడా తెలిసేది నేల మీద నిలబడ్డవాడికే. నిలబడింది నేను. ఇస్త్రీ కాదు.

ఇంకా ఉంది. ఇస్త్రీ తన మ్యాపులో వాగుకి దూరంగా జరగాలని గుత్తిని మొత్తం పడమరకి లాగాడు. అంటే అసలు వాగులోకి. నాలుగో ఐదో కాదు, సగం గుత్తి. ఇప్పుడు ఎవరికి ఈత రావాలి?

కుర్చీలో కూర్చుని గట్టిగా నవ్వాను. ఊడ్చే ఆవిడ చీపురు ఆపి నావైపు చూసింది.

రేపు చెబుతాను.

మార్చి 11

ఇంకోసారి సరిచూసి చెబుతాను. తొందరపడి నవ్వులపాలవడం ఒకసారి చాలు.

మార్చి 12

సరిచూశాను. తప్పు తప్పుగానే ఉంది. రేపు.

మార్చి 13

పెద్దాయన గది తలుపు దాకా వెళ్ళాను. లోపల ఇస్త్రీ ఉన్నాడు. నన్ను చూసి, "రండి మేడమ్, ఇప్పుడే మీ ఈత గురించే అనుకుంటున్నాం," అన్నాడు. పెద్దాయన నవ్వు ఆపుకుంటూ దగ్గాడు.

"ఏమ్మా, పనుందా?"

"లేదండీ," అన్నాను.

తలుపు మెల్లగా వేశాను. బిజాగరీలకి ఏమీ కాలేదు.

మార్చి 15

పునాదుల చోటికి గుర్తుగా కొట్టే మేకులు నేలలో దిగాక చెబితేనే స్పష్టంగా ఉంటుంది. మాటలతో చెబితే మళ్ళీ మ్యాపు చూపిస్తారు. వాళ్ళ సొంత మేకులు వాగులో కనబడితే అప్పుడు ఏం చూపిస్తారు? కాంక్రీటు పోసేలోపు చెప్పేస్తాను కాబట్టి ఎవరికీ నష్టం లేదు. ఇది పగ కాదు. పద్ధతి.

మార్చి 16

పొద్దున బావ కొండకి బయల్దేరుతుంటే గడప దగ్గర ఎదురుపడ్డాను. కాళ్ళకి ఆ అరిగిపోయిన చెప్పులు. ఈరోజు నుంచే మేకులు.

"బూట్లు వేసుకెళ్ళు బావా. వాగు పక్క జారుతుంది," అన్నాను.

"వాగుతో నాకేం పని? మీవాళ్ళు అటు చూడొద్దన్నారుగా?"

"అయినా వేసుకో."

"అబ్బో, మా మరదలికి నా మీద ఇంత ప్రేమా! ఏమేవ్, వింటున్నావా?" అని వంటగదిలోకి కేకేశాడు. చెప్పులతోనే వెళ్ళాడు.

చెప్పాను. నా వంతు నేను చెప్పాను. చెప్పలేదని ఎవరూ అనలేరు.

మార్చి 17

బావ వాగులో పడ్డాడు.

మార్చి 18

ఆసుపత్రి వరండాలో రాస్తున్నాను. చీలమండ రెండు చోట్ల విరిగింది. లోపల ప్లేటు వేశారు. నడుస్తాడు, కానీ కొండలూ గుట్టలూ ఎక్కే పని ఇక కష్టమన్నాడు డాక్టరు. కొండలూ గుట్టలూ ఎక్కడమే బావ పని.

జరిగింది బావే చెప్పాడు, మత్తు దిగుతూ, మాటలు ముద్దగా. కొలతల ప్రకారం వెళ్తే మేకులన్నీ వాగులోకే పోతున్నాయి. అనుమానం వచ్చి ఆఫీసుకి ఫోన్ చేశాడు. ఇస్త్రీ ఎత్తాడు. "మ్యాపులో అక్కడ వాగే లేదు. మీ కొలతే తప్పు. మళ్ళీ కొలవండి," అన్నాడట. బావ మళ్ళీ కొలిచాడు. మళ్ళీ వాగే. మళ్ళీ ఫోన్. మళ్ళీ అదే మాట. మూడోసారి, మనుషుల్ని పంపడం ఎందుకని తనే దిగాడు. రాయి కదిలింది.

వాడు! ఇంత ఎత్తు కుర్చీలో కూర్చుని, మ్యాపు ముందేసుకుని, "వాగే లేదు" అంటాడా? వాడి చొక్కా పట్టుకుని ఆ వాగు అంచున నిలబెట్టి, "ఇది ఏంట్రా?" అని అడగాలనుంది. పళ్ళు కొరికి కొరికి దవడ నొప్పి పుడుతోంది.

వాడిదే తప్పు. మ్యాపు వాడిది. ఫోన్‌లో మాట వాడిది.

అక్క ఏడ్చి ఏడ్చి మొహం ఉబ్బిపోయింది. మంచం పక్కన నిలబడి బావని తిడుతోంది. "చెప్పింది కదండీ అది! బూట్లు వేసుకోమని గడపలో అడ్డం నిలబడి మరీ చెప్పింది. నా చెల్లెలికున్న శ్రద్ధ మీకు మీ ఒంటిమీద లేదు." నా చెయ్యి పట్టుకుని ఎంతసేపటికీ వదల్లేదు. చెయ్యి లాక్కుని, మందులు తెస్తానని చెప్పి వచ్చేశాను.

మార్చి 19

పెద్దాయన మీటింగ్ పెట్టాడు. ఇస్త్రీ మాట్లాడాడు. కొలిచినవాళ్ళ పొరపాటు వల్ల పని వెనకబడిందట. బావని మార్చమని కంపెనీకి చెబితే మంచిదట. "ఆయన కాలు బాగవ్వాలని కోరుకుంటున్నా, కానీ పని పనే కదండీ," అన్నాడు.

ఇక ఆగలేకపోయాను. లేచి లాప్‌టాప్ తీసుకెళ్ళి తెరకి పెట్టాను. బావ రోడ్డు పటం ఒక పక్క, వాళ్ళ మ్యాపు ఒక పక్క. ప్రోగ్రాంలో ఆ వరస చూపించాను. "ఇక్కడ మైనస్ ఉండాలి. లేదు. కొండని మీరు అద్దంలో చూశారు. ఆయన కొలత తప్పు కాదు. మీకు పడమర ఎటో తెలియదు!" అన్నాను. గొంతు ఎంత లేచిందో నాకే తెలియదు. పక్క గదివాళ్ళు వచ్చి తలుపులో నిలబడ్డారు.

ఎవరూ నవ్వలేదు. పెద్దాయన అడిగాడు. "ఎప్పుడు చూశావమ్మా?"

"నిన్న," అన్నాను.

ఎంత తేలిగ్గా వచ్చిందో నోట్లోంచి!

"నువ్వు లేకపోతే కాంక్రీటు కూడా పోసేసేవాళ్ళం," అన్నాడు పెద్దాయన. ఇస్త్రీ మొహం పాలిపోయింది. కూర్చున్నచోటే తల దించుకుని, "నేను అక్కడికి ఒక్కసారి కూడా వెళ్ళలేదు," అన్నాడు. ఎవరితోనో కాదు, తనతోనే. ఈ క్షణం కోసం ఎన్ని రోజులు ఎదురుచూశాను! తీరా వచ్చాక నోట్లో చేదు తప్ప ఏమీ లేదు.

మార్చి 21

ఇస్త్రీ ఆసుపత్రికి వెళ్ళాడట. అక్క చెప్పింది. బావ మంచం పక్కన నిలబడి, "తప్పు నాదండీ. మీరు రెండుసార్లు చెప్పినా వినలేదు. క్షమించండి," అన్నాడట. చొక్కా నలిగిపోయి ఉందట. బావ అతనికి బత్తాయి ఒలిచి ఇచ్చాడట.

"మంచివాడే పాపం," అంది అక్క.

మంచివాడట! నాకు ఇంత కోపం ఎందుకొచ్చిందో తెలియదు. కంచం అలాగే వదిలేసి లేచాను.

మార్చి 23

చెల్లాచెదురుని మళ్ళీ పరిశీలిస్తారట. సరైన మ్యాపు మీద పెడితే ఒక్క చుక్క కూడా ఎర్రబడలేదు. పెద్దాయన అందరి ముందు నా భుజం తట్టాడు. "ఈమెలాంటి కళ్ళు ఉండాలయ్యా," అన్నాడు.

గెలిచాను. రాసుకుంటున్నాను, గెలిచాను.

మార్చి 25

బావ ఇంటికొచ్చాడు. ముందు గదిలో కుర్చీ, ఎదురుగా పీట, పీట మీద పట్టీ వేసిన కాలు. నేను ఆఫీసునుంచి వచ్చేసరికి టీ తాగుతున్నాడు. అక్క వంటగదిలో ఉంది. నేను గదిలోకి పోబోతుంటే, "ఇలా కూర్చో మరదలా," అన్నాడు.

కూర్చున్నాను.

"ఖాళీగా పడుకుంటే బుర్ర ఊరుకోదు. ఒకటి అడుగుతా, చెబుతావా?"

"అడుగు."

"వాగు వైపు పనిలేదని మీవాళ్ళే రాసి పంపారు. వాగు పక్కకి నేను వెళ్తానని నాకే తెలియదు. నీకెలా తెలుసు?"

లేవబోయాను.

"బూట్లు వేసుకోమన్నావు చూడు, అప్పుడు," అన్నాడు. తిట్టినట్టు లేదు. లెక్క సరిచూసుకుంటున్నట్టు ఉంది.

"తెలుసు బావా," అన్నాను.

"ఎప్పట్నుంచి?"

"పదో తారీకు నుంచి."

కాలు వైపు చూసుకున్నాడు. కప్పులో మిగిలిన టీని ఊరికే తిప్పుతూ ఉన్నాడు. నేను ఎదురుచూశాను. అరుస్తాడని, కప్పు విసిరేస్తాడని, ఇంట్లోంచి పొమ్మంటాడని. విసిరితే బాగుండు. దేవుడా, విసిరితే ఎంత బాగుండు!

మెల్లగా తల ఎత్తి నవ్వాడు. ఆ నవ్వు సగంలోనే ఆగిపోయింది. "నేనొక్కడినేగా చూసింది? ఒంటిచూపు. కొట్టేయ్, మరదలా. మీ అక్కకి మాత్రం చెప్పకు."

ఆ మాటకి నాకు వచ్చినంత కోపం ఇస్త్రీ మీద కూడా ఎప్పుడూ రాలేదు. కొట్టేయడానికి ఈయనెవరు? విరిగింది ఈయన కాలు. కొండ పోయింది ఈయనకి. నాకు మాఫీ చేసేసి, కప్పు కింద పెట్టి, రేపట్నుంచి ఎప్పటిలా ఏడిపిస్తాడా నన్ను? నేను ఎప్పటిలా తలుపులు దబదబా వేసుకుంటూ తిరగాలా? ఈ పుస్తకానికి తప్ప ఎవరికీ తెలియకుండా?

లేచి వంటగదిలోకి వెళ్ళాను. అక్క పొయ్యి దగ్గర నిలబడి ఉంది. నిలబడే చెప్పాను. మ్యాపు, మైనస్, పదో తారీకు, తలుపు దాకా వెళ్ళి తిరిగిరావడం, మేకులు దిగేదాకా ఆగుదాం అనుకోవడం, అన్నీ. ఇస్త్రీ పేరు ఎత్తలేదు. ఎత్తబోయి మింగేశాను.

అక్క పొయ్యి ఆపింది. గరిట గిన్నెలో అలాగే ఉంది. ముందు గదిలోంచి బావ, "ఏమేవ్, అదేదో వాగుతోంది, పట్టించుకోకు!" అని అరుస్తున్నాడు.

"ఆ పొద్దున నేనూ విన్నానే ఆ మాట," అంది అక్క. "ఇక్కడే నిలబడి విన్నాను. ఎంత మురిసిపోయానో తెలుసా?"

నన్ను తప్పుకుని ముందు గదిలోకి వెళ్ళిపోయింది.

ఇద్దరు. ఇక కొట్టేయడానికి లేదు.

మార్చి 27

పెద్దాయనకి చెప్పాను. మీటింగ్‌లో 'నిన్న చూశాను' అన్నది అబద్ధమని, అసలు తారీకు పది అని. ఆయన కళ్ళజోడు తీసి తుడుచుకుని మళ్ళీ పెట్టుకున్నాడు. "లేఅవుట్ మంచిది. అది ఉంటుంది. నువ్వు ఉండటం కుదరదమ్మా," అన్నాడు. బావ తప్పేమీ లేదని కంపెనీకి రాస్తానన్నాడు. రాయమని అడిగింది నేనే. ఇంకేమీ అడగలేదు.

మార్చి 28

అక్క ఇంకా మాట్లాడటం లేదు. కంచం పెడుతోంది, అంతే. తలుపులు ఇప్పుడు తను దబదబా వేస్తోంది.

మార్చి 30

చెల్లాచెదురుకి ఆమోదం. చూసుకునేది ఇస్త్రీ. కోపం వచ్చింది. ఎందుకు రాదు? వచ్చింది, బాగా వచ్చింది. పొద్దుటినుంచి సాయంత్రం దాకా ఉంది.

అతనే ఫోన్ చేశాడు. సోమవారం మేకులు వేయించడానికి కొండకి వెళ్తున్నాడట, మొదటిసారి. చాలాసేపు నసిగాడు. చివరికి, "మేడమ్, బూట్లు ఎక్కడ దొరుకుతాయి?" అని అడిగాడు.

కొట్టు ఎక్కడో చెప్పాను. పెట్టేయబోయి ఆగాను.

"వాగు పడమర ఉంది," అన్నాను. "జారుతుంది. మంచివి కొనండి."